మొదటి పార్టులో హీరో, మూడో పార్టులో దండేసిన ఫోటో: యాక్షన్ ఫ్రాంచైజీల్లో ఆడపాత్రను లెక్కగట్టడం ఎలా

యాక్షన్ ఫ్రాంచైజీల్లో బలమైన ఆడపాత్రకి అన్యాయం ఫైటు మధ్యలో జరిగేది తక్కువ, రెండు పార్టుల నడుమ జరిగేదే ఎక్కువ. నిన్నటి పార్టు ముగింపులో ప్రపంచాన్ని కాపాడిన మనిషి, కొత్త పార్టు మొదలై పావుగంట కాకముందే చనిపోయి ఉంటుంది. లేదంటే ఆమె పేరే ఎవరూ ఎత్తరు. అందుకే ఒక్క సినిమా చూసి 'భలే పాత్ర' అనో 'బొమ్మ పాత్ర' అనో తేల్చేస్తే సగం సార్లు తప్పుతాం. ఫ్రాంచైజీని వరసగా చూసి, లెక్క రాసుకుని, ఆ తర్వాతే తీర్పు చెప్పాలి. రివ్యూ రాసేవాళ్లకీ వీడియోలు చేసేవాళ్లకీ స్క్రిప్టు రాసేవాళ్లకీ పద్ధతి ఇదే.

చూడ్డానికి ముందు

కనీసం మూడు పార్టులున్న ఫ్రాంచైజీని ఎంచుకోండి. రెండే ఉంటే, మార్పు అలవాటుగా జరిగిందా, ఆ ఒక్కసారే జరిగిందా అన్నది తేలదు. విడుదలైన వరసలోనే చూడండి. కథాకాలం వరసలో చూస్తే రచయితలు ఎప్పుడు మనసు మార్చుకున్నారో కనిపించదు. 2021లో వచ్చిన బ్లాక్ విడో సినిమా కథ 2016 నాటిది. దాన్ని అక్కడికి జరిపి చూస్తే, 2019లో ఆ పాత్రను చంపేసే నాటికి ఆమెకి సొంత సినిమా ఒక్కటీ లేదన్న సంగతి మరుగున పడిపోతుంది.

ఏ కట్ (ఎడిట్ చేసిన ఏ వెర్షన్) చూడాలన్నది చిన్న విషయమేమీ కాదు. ఏలియన్స్ (1986) థియేటర్ కట్ 137 నిమిషాలు, స్పెషల్ ఎడిషన్ 154. థియేటర్ కట్‌లో లేని ఒక సీనులో కథానాయిక రిప్లీకి తన కూతురు ముసలిదై చనిపోయిందన్న వార్త తెలుస్తుంది. ఆ సీను ఉంటే, న్యూట్ అనే పిల్ల కోసం ఆమె చేసేదంతా పోగొట్టుకున్న కూతురి కోసం పడే తపనలా కనిపిస్తుంది. లేకపోతే, బతికిన ఒక మనిషి బతకాల్సిన ఇంకో మనిషిని కాపాడుకోవడంలా కనిపిస్తుంది. సినిమా ఒకటే, పాత్రలు రెండు. లెక్కకి థియేటర్ కట్‌నే తీసుకోండి, ఎక్కువమంది చూసింది అదే కాబట్టి. పొడుగు కట్‌లో తేడా కనబడితే పక్కన రాసుకోండి. వీలైతే మూలభాషలో సబ్‌టైటిల్స్‌తో చూడండి. డబ్బింగ్‌లో పెదాల కదలికకి సరిపెట్టడానికి మాటలు మారుస్తారు. ఆజ్ఞ కాస్తా సలహా అయిపోయే ప్రమాదం ఉంది.

ఒక్కో సినిమా రెండుసార్లు చూడాలి. మొదటిసారి పెన్ను పట్టుకోవద్దు. రెండోసారి ఆపుకుంటూ చూడండి, రెండు గంటల సినిమాకి నాలుగు గంటలు పడుతుంది. నోటుబుక్కులో ఐదు గడులు చాలు: నిమిషం, ఏం జరిగింది, నిర్ణయం ఎవరిది, దానివల్ల ఏం మారింది, ఆ మార్పు ఎవరి కథకి పనికొచ్చింది. ఐదో గడి నింపేటప్పుడు తొందరపడొద్దు. తీర్పంతా అక్కడి నుంచే వస్తుంది.

దెబ్బల్ని కాదు, నిర్ణయాల్ని లెక్కపెట్టండి

కొత్తగా లెక్కలు మొదలుపెట్టినవాళ్లు ఆమె ఎంతమందిని కొట్టింది, ఎన్ని నిమిషాలు తెర మీద ఉంది అని చూస్తారు. రెండూ మోసం చేసే అంకెలే. ఫైట్ మాస్టర్ తలుచుకుంటే ఎవరి చేతైనా ఇరవైమందిని కొట్టించగలడు. ప్రతి సీను దగ్గరా వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈమె తీసుకున్న ఈ నిర్ణయం తీసేస్తే తర్వాతి సీను నిలబడుతుందా? నిలబడితే అది పని, నిలబడకపోతే అది నిర్ణయం. రెండో రకాన్ని మాత్రమే లెక్కలో వేయండి.

మొదటి ఏలియన్ (1979)లో తలుపు సీను చూడండి. అంతరిక్ష ఓడ సిబ్బందిలో ఒకడైన కేన్ ముఖానికి గ్రహాంతర జీవి అతుక్కుని ఉంది. కెప్టెన్ డల్లస్, లాంబర్ట్ అతన్ని మోసుకొచ్చి తలుపు తియ్యమంటారు. ఓడలో అప్పుడు బాధ్యత రిప్లీది. క్వారంటీన్ నియమం ప్రకారం 24 గంటలు ఆగాలి, తియ్యను అంటుంది. కెప్టెన్ గదమాయించినా తియ్యదు. లోపలే ఉన్న యాష్ తనంతట తనే తలుపు తీసేస్తాడు. ఆమె మాట నెగ్గలేదు, అయినా ఇది నిర్ణయమే. ఆమె చెప్పినట్టు జరిగి ఉంటే మిగతా సినిమా లేదు. ఇక్కడ ఒక్క గుద్దూ లేదు, ఆయుధం లేదు. ఆ స్క్రిప్టులో పాత్రల్ని మగా ఆడా ఎవరైనా చెయ్యవచ్చని రాసి పెట్టుకున్నారు. నిర్ణయాలు పాత్రకి దక్కడానికి అదొక కారణం కావచ్చు. అదే సినిమా చివర్లో కెమెరా రిప్లీని లోదుస్తుల్లో చూపించే తీరు వేరే లెక్క. దాన్నీ రాయండి, మంచి సినిమా అని మాఫీ చేయొద్దు.

నిర్ణయం చేతులు మారే చోటు దొరికితే ఆ నిమిషం కింద గీత గీయండి. మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్ (2015)లో చీకట్లో వెంటాడుతున్న బండి దీపాన్ని కొట్టాలి. మ్యాక్స్ గురి తప్పుతుంది. చివరి గుండు మిగిలాక తుపాకీని ఫ్యూరియోసా చేతికిచ్చి తన భుజాన్ని ఆనిక చేస్తాడు. ఆమె కొడుతుంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఇదే గీత తిరగబడి కనిపించేది నో టైమ్ టు డై (2021)లో. 007 అంకె ఇప్పుడు నోమీ అనే కొత్త ఏజెంటుది. సగం సినిమా గడిచాక ఆ అంకెను బాండ్‌కి తిరిగిచ్చెయ్యమని పై అధికారిని ఆమే అడుగుతుంది. ఆ మాట ఆమె నోటినుంచే రావడం పాత్రకి గౌరవంలా అనిపిస్తుంది. ఐదో గడిలో మాత్రం బాండ్ పేరే పడుతుంది.

పాత పరీక్షలు ఎంతవరకు పనికొస్తాయి

అలిసన్ బెక్‌డెల్ 1985 నాటి కార్టూన్ పరీక్ష అందరికీ తెలిసిందే: ఇద్దరు ఆడవాళ్లుండాలి, ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాట మగాడి గురించి కాకూడదు. ఆ కార్టూన్‌లో పాత్ర తాను చివరిగా చూడగలిగిన సినిమాగా చెప్పేది ఏలియన్‌నే. ఆ పరీక్ష ఒక్క పాత్ర బలాన్ని కొలవడానికి పుట్టలేదు, అందుకు వాడితే తేడా కొడుతుంది. పసిఫిక్ రిమ్ (2013) అందులో గట్టెక్కదు గానీ మాకో మోరీకి సొంత పగ, సొంత కథ ఉన్నాయి. అందుకే ఆమె పేరుతో మరో పరీక్ష పుట్టింది: మగాడి కథకి ఊతంగా కాకుండా తనదైన కథ ఉన్న ఆడపాత్ర ఒక్కటైనా ఉందా? ఇంతకీ 2018 సీక్వెల్లో మాకో మోరీని మొదటి సగంలోనే హెలికాప్టర్ కూల్చి చంపేశారు. ఒక్క సినిమాకి వేసే పరీక్ష ఫ్రాంచైజీకి చాలదనడానికి ఇంతకంటే రుజువు వెతకనక్కర్లేదు.

మూడోది ట్రినిటీ సిండ్రోమ్. విమర్శకురాలు టాషా రాబిన్సన్ 2014లో పెట్టిన పేరిది. ద మేట్రిక్స్ (1999) మొదటి ఫైటు ట్రినిటీదే, పోలీసుల్ని ఒంటిచేత్తో మట్టికరిపిస్తుంది. ఆ తర్వాత ఆమె పని ఎక్కువగా హీరో నియోని నమ్మడం, ప్రేమించడం. నిపుణురాలిగా వచ్చి, కొత్తగా వచ్చిన మగాడికి దారి చూపి, పక్కకి తప్పుకునే పాత్ర ఎక్కడ కనబడినా ఈ ముద్ర వేయండి. బాహుబలి మొదటి భాగం (2015)లో అవంతికది ఇదే దారి. దేవసేనని విడిపించే పని ఆమెకి అప్పజెప్పిందే, దాన్ని శివుడు తన భుజాన వేసుకుని వెళతాడు. రెండో భాగం (2017)లో ఆమె దాదాపు కనిపించదు. అదే భాగంలో దేవసేన ఎంత నిండుగా ఉందో చూస్తే, ఫ్రాంచైజీ మొత్తానికి ఒకే మార్కు వేయడం ఎందుకు కుదరదో తెలుస్తుంది. ఒక్కో పాత్రకి ఒక్కో పేజీ ఉండాలి.

అతుకు దగ్గర ఆగండి

పాత పార్టు చివరి పది నిమిషాలు, కొత్త పార్టు మొదటి పదిహేను నిమిషాలు వెనకాముందూ కలిపి చూడండి. చాలా పేజీలు ఇక్కడే నిండుతాయి. ఏలియన్స్ మొత్తం రిప్లీ పోరాడింది న్యూట్ కోసం. ఏలియన్ 3 (1992) టైటిల్స్ పడుతుండగానే న్యూట్, హిక్స్ చనిపోయారు. టెర్మినేటర్ 2 (1991)లో కండలు తిరిగిన సారా కానర్, మూడో సినిమా (2003) నాటికి ల్యుకేమియాతో ఎప్పుడో పోయింది. ఆమె సమాధిలో ఉన్నవి ఆయుధాలు, అవి కొడుకు వాడుకోవడానికి. తెర వెనక చావు, పైగా మగాడికి సామాను అందించే చావు: ఐదో గడి దానంతటదే నిండిపోతుంది.

చనిపోయిన ప్రతి పాత్రకీ మూడు సంగతులు రాయండి: చావు తెర మీదా వెనకా, ఎంచుకున్నది ఆమేనా, తర్వాత ఏడ్చింది ఎవరు, ఎంతసేపు. మధ్యది ఉన్నంత మాత్రాన సరిపోయిందనుకోవద్దు. ఏలియన్ 3 చివర రిప్లీ తన చావు తనే ఎంచుకుంది, ఆ కథ ఆమెదే. అవెంజర్స్: ఎండ్‌గేమ్ (2019)లో నటాషా (బ్లాక్ విడో) కూడా ఒక మహిమగల రాయి కోసం కొండ అంచు నుంచి ఎంచుకునే దూకింది. కానీ ఆమెకి దక్కింది సరస్సు ఒడ్డున మిగతా అవెంజర్ల కాసేపటి దుఃఖం, టోనీ స్టార్క్‌కి అందరూ వరసగా నిలబడిన అంత్యక్రియలు. అంతకుముందు ఏడాది ఇన్ఫినిటీ వార్‌లో గమోరాని అదే గ్రహం మీద, అదే రాయి కోసం, అదే కొండ అంచు నుంచి తోసేశారు. ఆ రాయి కోసం రెండుసార్లూ పోయింది ఆడవాళ్లే.

మగ సహపాత్రని పక్కన పెట్టి చూడండి

ఎక్కువమంది వదిలేసేది ఈ మెట్టునే. 'యాక్షన్ సినిమాల్లో అందరూ చస్తారుగా' అన్న వాదనకి జవాబు ఇక్కడే ఉంది. అదే స్థాయి ఉన్న ఒక మగ సహపాత్రకి అవే గడులు నింపి పక్కపక్కన పెట్టండి. మిషన్ ఇంపాసిబుల్‌లో లూథర్ 1996 నుంచి 2025 దాకా నడిచాడు, బెంజీ 2006లో వచ్చి ఇంకా ఉన్నాడు. 2011 పార్టులో జేన్ కార్టర్ ఆ బృందంలో పూర్తి సభ్యురాలు. తర్వాతి పార్టులో లేదు, ఎందుకు లేదో ఒక్క మాటా లేదు. ఇల్సా ఫౌస్ట్ 2015, 2018 పార్టుల్లో హీరో ఈథన్‌కి సమఉజ్జీ. 2023లో ఆమెనీ, కొత్తగా వచ్చిన గ్రేస్‌నీ ఎదురెదురుగా పెట్టి, ఇద్దరిలో ఒకరు చనిపోతారని విలన్ చేతే చెప్పించారు. వెనిస్‌లో ఇల్సా పోయింది, గ్రేస్ బృందంలో చేరింది. ఒక కుర్చీ, ఒక మనిషి. ఇలా మార్పిడి కనబడినప్పుడు 'స్థానం ఒకటే' అని అంచున రాయండి.

ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్‌లో ఈ పోలిక అంత తేలిక కాదు, ఎందుకంటే అక్కడ చచ్చినవాళ్లు తిరిగొస్తారు. లెటీని 2009 పార్టులో చంపి, 2011 పార్టు చివర బతికే ఉందని చెప్పి, 2013లో జ్ఞాపకశక్తి లేకుండా దించారు. హాన్ కూడా తిరిగొచ్చాడు. అందుకని తిరిగి రావడాన్ని లెక్కించకండి, ఏం పట్టుకుని తిరిగొచ్చారో లెక్కించండి. ఎలీనా మాత్రం హీరో డామ్ బిడ్డకి తల్లై, 2017 పార్టులో ఆ బిడ్డను అతని చేతికి మిగిల్చి చనిపోయింది. ఆ ఏడాదే లెటీ పాత్రధారి మిషెల్ రోడ్రిగ్స్, ఈ సిరీస్ ఆడవాళ్లని కాస్త పట్టించుకోకపోతే తప్పుకుంటానని బహిరంగంగా చెప్పింది.

పొరపాట్లు ఎక్కడ దొర్లుతాయి

తెర వెనక కారణాన్ని తీర్పులో కలిపేయడం పెద్ద పొరపాటు. నటి డేట్లు దొరక్కపోవచ్చు, ఒప్పందం అయిపోవచ్చు, దర్శకుడు మారవచ్చు. ఏలియన్ 3 పూర్తి స్క్రిప్టు చేతిలో లేకుండానే షూటింగుకి వెళ్లింది. ఇవన్నీ ఎందుకు జరిగిందో చెబుతాయి. తెర మీద ఏం జరిగిందన్నది మారదు. రెండు వేర్వేరు పేరాల్లో రాయండి. కారణం తెలియనప్పుడు ఊహించి రాయడం కంటే ఆ పేరా ఖాళీగా వదిలేయడం మేలు.

ఇంకొకటి, తల్లి కావడాన్నీ గాయపడటాన్నీ చూడగానే బలహీనత అనుకోవడం. ఏజ్ ఆఫ్ అల్ట్రాన్ (2015)లో నటాషా తనకి పిల్లలు పుట్టకుండా చేశారని చెప్పుకునే సీను మీద గొడవ ఆ సంగతి చెప్పినందుకు కాదు, దాని పక్కనే తనని రాక్షసిగా పోల్చుకున్నందుకు. గడిలో రాయాల్సింది ఆ పక్కపక్కన పెట్టడాన్నే. ట్రైలర్లు, పోస్టర్లు, ప్రెస్‌మీట్ మాటలు లెక్కలోకి తీసుకోవద్దు. అభిమానుల కోపం కూడా ఆధారం కాదు, ఎక్కడ వెతకాలో మాత్రం చెబుతుంది.

తీర్పు రాసేటప్పుడు

ఒక్కో పాత్రకి మూడు వాక్యాలు చాలు. మొదటిది నిర్ణయాలు పార్టు పార్టుకీ పెరిగాయా తగ్గాయా, అంకెలతో. రెండోది ముగింపు ఎవరి కథకి పనికొచ్చింది. మూడోది మగ సహపాత్రతో తేడా. మొదటి పార్టులో ఆరు నిర్ణయాలు, మూడో పార్టులో ఒకటి అని రాసిన తీర్పుతో ఎవరైనా వాదించగలరు, నిమిషాలు చూసి తప్పు పట్టగలరు. 'పాత్రని తొక్కేశారు' అన్నదానితో వాదించడానికి ఏమీ ఉండదు.

కొత్త పార్టు వస్తే పాత తీర్పు చెరపకండి. కింద తారీఖు వేసి కొత్తది రాయండి. 2003లో చనిపోయిన ట్రినిటీ 2021లో తిరిగొచ్చి ఎగురుతుంది, నియో ఎగరలేకపోతాడు. 1991 తర్వాత లిండా హామిల్టన్ మళ్లీ సారాగా సినిమాలో కనిపించింది 2019లో, టెర్మినేటర్: డార్క్ ఫేట్‌తో. అప్పుడు మొదట్లోనే పోయింది ఆమె కొడుకు.