గడగడా చదువుతాడు, అర్థం కాదు: ఏం చేయాలి?

మూడో తరగతి పిల్లవాడు పాఠం గడగడా చదివేస్తాడు. గుణింతాల్లో, ఒత్తుల్లో ఎక్కడా తడబడడు. పుస్తకం మూసి ఒక్క ప్రశ్న అడిగితే బిక్కమొహం వేస్తాడు. ప్రైమరీ టీచరుగా తల్లిదండ్రుల నుంచి నేను తరచూ వినే మాట ఇదే. వెంటనే ఇంకో నాలుగు పేజీలు చదివించకండి. లోటు ఎక్కడుందో ముందు చూడండి.

వాడు చదవని చిన్న కథ తీసుకుని మీరే వినిపించి ప్రశ్నలు అడగండి. వింటే చెప్పగలిగి, తను చదివితే చెప్పలేకపోతే, పైకి గడగడా చదివినా ఓపికంతా అక్షరాలు పలకడానికే సరిపోతోందన్నమాట. విన్నా చెప్పలేకపోతే ఆ మాటలే వాడికి కొత్త. 1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు చదివింది అర్థం కావడాన్ని రెండింటి గుణకారంగా చెప్పారు. అక్షరాలను మాటలుగా పలకడం ఒకటి, విన్న భాష అర్థం కావడం ఇంకొకటి. ఏది సున్నా అయినా లబ్ధం సున్నానే. మన తెలుగు దాదాపు రాసినట్టే పలుకుతాం కాబట్టి, మొదటిది పట్టుబడితే రెండోదాని లోటు పైకి కనిపించదు. అందుకే ఇది మనకు ఆలస్యంగా తెలుస్తుంది.

ఆ రెండో లోటు తీరాలంటే పిల్లలతో బాగా మాట్లాడాలి, వాళ్లచేత మాట్లాడించాలి. పాఠానికి రెండు మూడు కొత్త మాటలు నేర్పితే చాలు. అర్థాలు అయిదేసిసార్లు రాయించడం నాకు అస్సలు నచ్చదు. మా టౌను పిల్లలకు నారుమడి తెలియదు. వరిసాగు పాఠానికి ముందు తొట్టెలో రాగులు చల్లిస్తాను. మొలకలు జానెడు ఎదిగాక పీకించి, ఇంకో తొట్టెలో నాటిస్తాను. మొదటి తొట్టెలో ఎందుకు ఒత్తుగా ఉన్నాయి, రెండోదాంట్లో ఎందుకు ఎడంగా పెట్టాం అని అడుగుతాను. ఆ మట్టి చేతులతోనే నారు, నాటు, ఒత్తు, ఎడం అన్న మాటలు వాళ్ల నోటికి వచ్చేస్తాయి. తర్వాత పాఠం చదివితే ప్రశ్నలు వాళ్లే వేస్తారు.

వస్తువుల పేర్లను ఇలా చూపించొచ్చు. ‘అయినప్పటికీ’, ‘అందువల్ల’, ‘బదులుగా’ లాంటివి చూపించలేం. పిల్లలు ఎక్కువగా జారిపోయేది అక్కడే, మనం వివరించకుండా దాటేసేదీ వాటినే. “జోరున వాన కురిసింది. అయినప్పటికీ సంతకు జనం వచ్చారు” అని చదివి, “వాన పడితే మామూలుగా ఏమవుతుంది?” అని అడగండి. “ఎవరూ రారు” అంటాడు. “మరి ఇక్కడ?” అంటే చాలు, ఆ మాట ఎందుకు పెట్టారో వాడికే తడుతుంది. వారం పాటు ఇంట్లోనూ వాడండి: “నీకు జలుబు చేసింది. అయినప్పటికీ ఐస్‌క్రీమ్ అడుగుతున్నావు.”

‘అవును’, ‘కాదు’లతో తేలిపోయే ప్రశ్నలు తగ్గించండి. అడిగాక కాసేపు ఆగండి, జవాబు మీరే అందించేయకండి.

ఇంట్లో లంబాడీయో ఉర్దూయో మాట్లాడేవాళ్లు తెలుగు రాదని టెన్షన్ పడొద్దు. మీ భాషలోనే కథలు చెప్పండి. కారణం చెప్పడం, వరస తప్పకుండా చెప్పడం ఏ భాషలో అలవాటైనా తెలుగు పాఠానికి పనికొస్తాయి.

చదివిన కథను రాత్రి ఫోన్లో అమ్మమ్మకు చెప్పించండి. ఆమె ఆ పాఠం చదవలేదు కాబట్టి “ఎవర్రా అది? ఎందుకెళ్లాడు?” అని నిజంగానే అడుగుతుంది. జవాబు తట్టకపోతే వాడే మళ్లీ పుస్తకం తెరుస్తాడు.