ఒక్క ఫొటోతోనే హెచ్‌డీఆర్: కురుసుర నీడని ఎంతవరకు తేల్చాలి?

హెచ్‌డీఆర్ అంటే మామూలుగా వెలుగులోనూ నీడలోనూ వివరం కనిపించేలా, ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లలో (కెమెరాలోకి వెలుగుని ఎక్కువా తక్కువా రానిస్తూ) మూడు ఫొటోలుగా తీసి కలపడం. విశాఖలో కైలాసగిరి కొండ మీద ఆ పద్ధతి చక్కగా కుదురుతుంది. కింద బీచ్‌లో కుదరదు. మొదటి ఫొటోలో ఉన్న అల రెండో ఫొటోకి ఉండదు. ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసిన బోట్లూ ఊగుతూనే ఉంటాయి, కలిపితే వాటి అంచులు రెండేసి మూడేసి కనిపిస్తాయి. అందుకే సముద్రం ఉన్నచోట నేను ఒక్క ఫొటోనే తీసి, మిగతా పని జింప్‌లో చేస్తాను. అది ఫొటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్.

ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసురనే తీసుకోండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి. పొద్దున్నే రోడ్డు వైపు నుంచి తీస్తే సూర్యుడు దాని వెనకే ఉంటాడు. ఆకాశం మండిపోతుంది, నల్లటి పొట్ట చీకట్లో కలిసిపోతుంది.

తీసేటప్పుడు ఆకాశాన్ని కాపాడండి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ ఒకటికి దించి (ఫొటో కాస్త చీకటిగా వస్తుంది), ఐఎస్ఓ, అంటే వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి, 100లో పెట్టి, రా ఫైల్ (కెమెరా కుదించని ముడి ఫొటో) తీయండి. తెల్లగా కాలిపోయిన మబ్బుని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. నీడలో మాత్రం వివరం దాగి ఉంటుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, 14 బిట్ల రా ఫైల్లో 16,384. జింప్ రా ఫైల్‌ని సొంతంగా తెరవదు కాబట్టి ముందు డార్క్‌టేబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి 16 బిట్ల టిఫ్‌గా దాచుకోండి.

ఇప్పుడు అసలు పని. ఆ టిఫ్‌ని జింప్‌లో తెరిచి, లేయర్‌ని (బొమ్మ పొరని) డూప్లికేట్ చేసి, పై లేయర్‌ని డీశాచురేట్ చేసి (రంగు తీసేసి), ఇన్వర్ట్ కొట్టండి (నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా మారుతుంది). ఆ లేయర్ కింది లేయర్‌తో కలిసే పద్ధతిని, అంటే మోడ్‌ని, సాఫ్ట్ లైట్‌కి మార్చండి. చీకటి ఉన్నచోట ఈ లేయర్ తెల్లగా ఉంటుంది కాబట్టి కురుసుర పొట్ట తేలుతుంది, ఆకాశం కాస్త అణుగుతుంది. కానీ బొమ్మంతా పాలిపోతుంది, ఎందుకంటే చిన్న చిన్న వివరాల్ని కూడా అది చదును చేసేస్తుంది. దానికి మందు పై లేయర్‌ని మసకబార్చే గాసియన్ బ్లర్. 24 మెగాపిక్సెల్ ఫొటోకి నేను 40 పిక్సెళ్ల దగ్గర మొదలుపెడతాను. మరీ పెంచితే జలాంతర్గామి చుట్టూ, వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ అంచు వెంట తెల్లటి వలయం వస్తుంది. అది కనిపించిందంటే బ్లర్ తగ్గించాల్సిందే. పై లేయర్ ఒపాసిటీ (అది ఎంత గాఢంగా పనిచేయాలన్నది) 60 శాతం చాలు.

తర్వాత న్యూ ఫ్రమ్ విజిబుల్ (కనిపిస్తున్నదంతా కలిపిన కొత్త లేయర్) తీసుకుని, దానికి వివరాల్ని స్ఫుటం చేసే అన్‌షార్ప్ మాస్క్ వేయండి: రేడియస్ 50, అమౌంట్ 0.2. ఇసుకకీ ఉక్కుకీ ప్రాణం పోసేది ఇదే. నీడలు తేలినచోట రంగు వెలిసినట్టుంటే శాచురేషన్ 1.1 చేయండి.

చాలామంది ఇంకా లాగుతారు. పొట్ట బూడిదరంగుకి తిరిగితే అది కురుసుర కాదు, నలుపు నలుపుగానే ఉండాలి. ముందు జాలరులో పిల్లలో ఉంటే అన్‌షార్ప్ మాస్క్ వేసిన లేయర్‌కి తెల్లటి లేయర్ మాస్క్ (నల్లగా పూసినచోట ఆ లేయర్‌ని దాచే ముసుగు) పెట్టి, వాళ్ల ముఖాల మీద మెత్తటి నల్ల బ్రష్‌తో ఈ ఎఫెక్ట్‌ని తుడిచేయండి. చర్మం మీద అది మసిలా కనిపిస్తుంది.