కిక్కు కొట్టే కాలు కోలుకోవడం – 3వ పాఠం: సాగదీయకండి, సాగుతూ బరువు మోయించండి

ఈ పాఠం కిక్కు కొడుతుండగా తొడ వెనక పట్టేసినవాళ్ల కోసం. రెండో పాఠంలోని మొదటి అయిదు రోజుల పని అయిపోయి, కుంటకుండా నడవగలుగుతుంటేనే ఇది మొదలుపెట్టండి. దెబ్బ తగిలినప్పుడు ‘టప్’మని చప్పుడైనా, తొడ వెనక నల్లగా కమిలి మోకాలి దాకా దిగినా, పాదం తిమ్మిరెక్కుతున్నా ముందు ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించాలి. పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు పిర్ర కింద నొప్పి ఉంటే ఎక్స్‌రే తప్పనిసరి. ఆ వయసులో కండరం చిరగడానికి బదులు ఎముక ముక్కే ఊడి రావచ్చు.

మనవాళ్లు దీన్ని ‘నరం పట్టేసింది’ అంటారు. నిజానికి అది నరం కాదు, తొడ వెనక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ కండరాలు. కూర్చుంటే కుర్చీకి ఆనే ఎముక దగ్గర పుట్టి, తుంటినీ మోకాలినీ దాటి, మోకాలి కింద అతుక్కుంటాయి. పరుగు పందెంలో పట్టేస్తే ఎక్కువగా తొడ వెనక బయటివైపు కండరం దెబ్బతింటుంది. టైక్వాండో నేర్యో చాగిలోనో (కాలు పైకెత్తి కిందికి కొట్టే కిక్కు), కరాటే మే గెరిలోనో (ముందుకు కొట్టే కిక్కు) పట్టేస్తే దెబ్బ సాధారణంగా పిర్రకు దగ్గరగా, లోపలివైపు పడుతుంది. చిక్కేమిటంటే, ఈ రెండో రకం మొదట్లో అంత నొప్పిగా ఉండదు, మానడానికి మాత్రం ఎక్కువ కాలం తీసుకుంటుంది. నొప్పి పిర్ర ఎముకకు ఎంత దగ్గరగా ఉంటే అంత ఓపిక కావాలి.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. కాలు బిగుసుకున్నట్టుంది కదా అని స్ప్లిట్స్‌లో (రెండు కాళ్లూ నేలకు ఆనేలా చాపి) కూర్చుంటారు. కాలు బాగా సాగినప్పుడు స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) పిర్ర ఎముక అంచుకు నొక్కుకుంటుంది, మానుతున్న చోటే మళ్లీ రేగుతుంది. ఆ బిగువు పొట్టిదనం కాదు, కండరం తనను తాను కాపాడుకోవడం. స్ప్లిట్స్, ఇంకొకరు కాలు పట్టి పైకి నెట్టే స్ట్రెచ్‌లు ఈ పాఠం అయ్యేదాకా బంద్.

వాటి బదులు స్వీడన్ పరిశోధకుడు కార్ల్ ఆస్క్లింగ్ రూపొందించిన మూడు కసరత్తులు చేయండి. 2013లో అచ్చయిన పరిశోధనలో, కండరం సాగుతుండగా బరువు మోయించే ఈ పద్ధతి పాటించిన ఫుట్‌బాల్ ఆటగాళ్లు సగటున 28 రోజుల్లో పూర్తి శిక్షణలోకి వచ్చారు, మామూలు కసరత్తులు చేసినవారికి 51 రోజులు పట్టింది. మీకూ 28 రోజులే అనుకోకండి, కిక్కు దెబ్బకు ఎక్కువే పడుతుంది.

ఎక్స్‌టెండర్: వెల్లకిలా పడుకుని, దెబ్బ తగిలిన కాలి తొడను రెండు చేతులతో పట్టి నిటారుగా నిలపండి. మోకాలిని మెల్లగా చాపుతూ, నొప్పి మొదలవడానికి కాస్త ముందే ఆగి, మడవండి. 12 సార్ల చొప్పున 3 సెట్లు, రోజుకు రెండు పూటలా. పాదం వేళ్లను మీ వైపు లాక్కోవద్దు. అలా చేస్తే సయాటిక్ నరం లాగి జివ్వుమంటుంది, మీరేమో కండరం నొప్పి అనుకుంటారు.

డైవర్: దెబ్బ తగిలిన కాలి మీద నిలబడి, ఆ మోకాలిని కొద్దిగా మడిచి ఉంచండి. రెండో మోకాలిని 90 డిగ్రీలు మడిచి, చేతులు ముందుకు చాపుతూ, చెరువులోకి దూకబోతున్నట్టు తుంటి దగ్గర వంగండి. 6 సార్ల చొప్పున 3 సెట్లు, రోజు విడిచి రోజు. గాల్లో ఉన్న కాలి వైపు నడుము పైకి తెరుచుకోవడం ఇందులో మామూలు పొరపాటు. సైడ్ కిక్ అలవాటున్న వాళ్లకు ఇది మరీ ఎక్కువ. అద్దం ముందు చేస్తే వెంటనే కనబడుతుంది. వెన్ను గూనిగా వంగినా లెక్కలోకి రాదు.

గ్లైడర్: మూడింటిలో కష్టమైనది ఇదే. గోడనో కిటికీ చువ్వనో పట్టుకుని, బరువంతా దెబ్బ తగిలిన కాలి మడమ మీద, మోకాలు కొద్దిగా మడిచి ఉంచండి. రెండో కాలిని మెల్లగా వెనక్కి జార్చుతూ నొప్పికి ముందే ఆగండి. లేచేటప్పుడు చేతుల బలంతోనే రావాలి, దెబ్బ తగిలిన కాలితో లాక్కోకూడదు. 4 సార్ల చొప్పున 3 సెట్లు, మూడు రోజులకోసారి. ప్రాక్టీస్ మ్యాట్ మీద కాలు జారదు, వట్టికాలు టైల్స్‌కి అంటుకుంటుంది. జారే కాలికి సాక్సు తొడుక్కుని నున్నటి గచ్చు మీద చేయండి. ముందు కాలు వట్టిగానే ఉండాలి, అదీ జారితే మళ్లీ మొదటి పాఠానికే.

మూడింటికీ నియమం ఒకటే: చేస్తున్నప్పుడు నొప్పి ఉండకూడదు. మర్నాడు పొద్దున కూర్చున్నప్పుడు పిర్ర కింద సలుపు పెరిగితే గ్లైడర్‌లో జార్చే దూరం తగ్గించండి, సెట్లు కాదు.

నడుము ఎత్తు దాకా నెమ్మదిగా కాలు లేపే ఆప్ చాగి (టైక్వాండోలో ముందుకు కొట్టే కిక్కు), పంచ్‌లు, చేతుల బ్లాకులు ఈలోగా చేసుకోవచ్చు. స్నాప్ (కాలిని ఒక్కసారిగా విసరడం) మాత్రం వద్దు.

వారానికోసారి ఈ పరీక్ష పెట్టుకోండి. వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా, ముందు బాగున్న కాలిని, తర్వాత దెబ్బ తగిలిన కాలిని మూడేసి సార్లు నెమ్మదిగా లేపి చూడండి. రెండూ ఒకే ఎత్తుకు, నొప్పి లేకుండా వస్తేనే వేగంగా లేపండి. వేగంలో ‘ఏమవుతుందో’ అన్న జంకు కలిగినా ఫెయిలే, ఇంకో వారం ఇవే కసరత్తులు. జంకు లేకపోతే 4వ పాఠానికి రండి, అక్కడ మోకాలి ఎత్తు కిక్కుతో మొదలుపెట్టి తల ఎత్తుదాకా వెళ్తాం.