లోహం–కార్బన్ మల్టీలేయర్‌లో ప్రతిఫలనం తగ్గితే ఏం చేయాలి?

2012లో నాసా ప్రయోగించిన నూస్టార్ ఎక్స్‌రే దూరదర్శిని అద్దాల్లో ప్లాటినం/కార్బన్ మల్టీలేయర్ పూతలు (లోహం, కార్బన్ పలుచటి పొరలు మార్చి మార్చి పేర్చినవి) ఉన్నాయి. ఇలాంటి అద్దాల్లో ఒక్కో జత పొరల మందం కొద్ది నానోమీటర్లే, కాబట్టి అర నానోమీటరు లోపమైనా భారీ నష్టమే. జత మందం 4 నానోమీటర్లు అనుకుందాం. పొరల హద్దు వెడల్పు (ఒక పదార్థం నుంచి మరోదానికి మారే మేర) 0.3 నానోమీటర్లయితే మొదటి బ్రాగ్ శిఖరం (అన్ని పొరల నుంచి తిరిగొచ్చే ఎక్స్‌రేలు ఒకదానికొకటి బలమిచ్చే కోణంలో కనిపించే ప్రతిఫలనం) ఆదర్శ విలువలో సుమారు 80 శాతం దక్కుతుంది, 0.5 అయితే 54 శాతమే. రెండో శిఖరానికి అవి 41, 8 శాతాలకు పడిపోతాయి.

సమస్య: రెండు, మూడు వంటి పై వరుస శిఖరాలు అణగిపోయాయి

రెండోది మాత్రమే మాయమై మూడోది బాగుంటే కంగారు వద్దు. లోహం, కార్బన్ మందాలు సమానమైతే సరిసంఖ్య శిఖరాలు సహజంగానే అణుగుతాయి. వరుసగా అన్నీ క్షీణిస్తేనే హద్దును అనుమానించాలి.

కారణాలు రెండు: హద్దు గరుకుగా ఉండడం, లేదా రెండు పదార్థాలు ఒకదానిలోకి ఒకటి చొరబడడం. మామూలు ప్రతిఫలన వక్రరేఖలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. డిటెక్టర్‌ను శిఖరం వద్ద కదలకుండా ఉంచి, నమూనాను మాత్రమే అటూ ఇటూ తిప్పి కొలవండి. చుట్టూ చెదిరిన ఎక్స్‌రేలు ఎక్కువగా ఉంటే గరుకుతనం, చాలా తక్కువగా ఉంటే ప్రధాన కారణం చొరబాటే. ఈ కొలత లేకుండా యంత్రం సెట్టింగులు ముట్టుకోవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఒకదానికి మందు మరొకదానికి విషం.

గరుకుతనమైతే స్పటరింగ్‌లో (అయాన్ల తాకిడితో టార్గెట్ అనే మూలపదార్థపు పలక నుంచి పరమాణువులను రాల్చి పూత వేసే పద్ధతిలో) ఆర్గాన్ పీడనం తగ్గించండి. పరమాణువులు దారిలో శక్తి కోల్పోకుండా చేరి, ఉపరితలంపై కదిలి సర్దుకుంటాయి. చొరబాటైతే ఆ శక్తే దోషి. బయాస్ (ఆధారపలకకు ఇచ్చే వోల్టేజీ) తగ్గించండి, పీడనాన్ని కొద్దిగా పెంచి చూడండి. గరుకుతనం పైపొరల్లోనే ఎక్కువైతే అది అడుగు నుంచి పేరుకుంటూ వచ్చి ఉండవచ్చు, ఆధారపలకను పరీక్షించండి.

ఇంకొక మాట. రాగి గొట్టం ఇచ్చే 0.154 నానోమీటర్ల ఎక్స్‌రేలతో కార్బన్ పొరలోని చిన్న మార్పులు తేలికగా పట్టుబడవు. కార్బన్ ఎక్స్‌రేలను పీల్చుకోవడం హఠాత్తుగా పెరిగే 284 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దరిదాపుల్లో కొలిస్తే తెలుస్తాయి. ఇందోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో (ఎలక్ట్రాన్లను అతివేగంగా తిప్పి ఎక్స్‌రేలు పుట్టించే యంత్రంలో) అటువంటి కొలతలు చేయవచ్చు.

సమస్య: లోహపు పొర సాంద్రత ఉండాల్సిన దానికన్నా తక్కువ

నికెల్ వంటి లోహం మరీ పలుచనైతే కార్బన్‌పై పరుచుకోక దీవులుగా ముద్దకడుతుంది. జతలో లోహం వాటా పెంచండి, లేదా టంగ్‌స్టన్‌కు మారండి.

సమస్య: శిఖరాలు వెడల్పయ్యాయి, చీలాయి

ఇది హద్దు దోషం కాకపోవచ్చు. టార్గెట్ అరిగేకొద్దీ నిక్షేపణ వేగం మారి, కింది జతలకూ పై జతలకూ మందంలో తేడా వస్తుంది. షట్టర్ మూసి టార్గెట్‌ను స్థిరపరిచాకే మొదలుపెట్టండి, ప్రతి పొర సమయాన్నీ సరిదిద్దండి.

సమస్య: వేడి చేశాక శిఖరం తక్కువ కోణానికి జరిగింది

జత మందం పెరిగింది. తరచూ కారణం కార్బన్ గ్రాఫైట్ వైపు మారి సాంద్రత కోల్పోవడమే. ఆ మార్పు తిరిగి రాదు. అద్దం వేడెక్కే చోట వాడేదైతే, నమూనాను ముందే అదే ఉష్ణోగ్రతలో ఉంచి కొలిచి, పెరగబోయే మందాన్ని రూపకల్పనలోనే తగ్గించుకోండి.