కొరియన్ లుక్ కావాలంటే ఫౌండేషన్ తగ్గించండి, స్కిన్ మీద టైమ్ పెట్టండి

కె-డ్రామాల్లో హీరోయిన్ క్లోజప్ చూస్తే అసలు మేకప్ వేసుకుందా లేదా అని డౌట్ వస్తుంది కదా, వేసుకుంటారండీ, బాగానే వేసుకుంటారు, కానీ ఒక్కో పొర ఎంత పల్చగా వేస్తారంటే కింద ఉన్న అసలు చర్మం కనబడుతూనే ఉంటుంది. వయసు తక్కువగా కనిపించేది అందుకే. మనవాళ్ళు చాలామంది ఇది తెల్లగా కనబడే మేకప్ అనుకుని రెండు షేడ్లు లైట్‌ది కొనేస్తారు, దయచేసి ఆ పని చేయొద్దు. చామనఛాయ ముఖం మీద కూడా ఈ లుక్ చాలా బాగా వస్తుంది, షేడ్ కరెక్ట్‌గా ఉంటే చాలు.

ముందు స్కిన్ ప్రెప్. ముఖం కడుక్కుని కొంచెం తడి ఉండగానే టోనర్ చేత్తోనే తట్టుకోండి, కాటన్ అక్కర్లేదు. పైన జెల్ లాంటి లైట్ మాయిశ్చరైజర్, దాని మీద సన్‌స్క్రీన్. చూపుడు వేలు, మధ్య వేలు రెండిటి మీద పొడుగ్గా గీత గీసినంత సన్‌స్క్రీన్ పట్టాలి, చాలా కొరియన్ సన్‌స్క్రీన్ల మీద ఎస్‌పీఎఫ్ 50+, పీఏ++++ అని ఉంటుంది చూడండి (ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే గుర్తులవి), అలాంటిదే తీసుకోండి. ఇక్కడే అందరూ తొందరపడతారు, సన్‌స్క్రీన్ రాసిన వెంటనే బేస్, అంటే ఫౌండేషన్ లాంటిది వేస్తే అది ఉండలు ఉండలుగా లేచి వచ్చేస్తుంది, కాబట్టి ఓ పది నిమిషాలు ఆగి ఈలోపు జడ వేసుకోండి. మే నెల ఎండలో, వైజాగ్ లాంటి ఉక్క ఉన్న చోట అయితే మాయిశ్చరైజర్ మానేసి సన్‌స్క్రీన్ ఒక్కటే రాసుకున్నా సరిపోతుంది, లేకపోతే మెరుపు కాస్తా మధ్యాహ్నానికి జిడ్డు అయిపోతుంది.

బేస్‌కి కుషన్ వాడతారు, అంటే చిన్న డబ్బాలో స్పాంజ్‌లో నింపి ఉండే పల్చటి ఫౌండేషన్. 2008లో ఐయోప్ అనే కొరియన్ బ్రాండ్ తెచ్చింది దీన్ని, పార్కింగ్ టికెట్ మీద కొట్టే స్టాంప్ ప్యాడ్ ఇంకు కారకుండా సమానంగా అంటుకోవడం చూసి స్పాంజ్‌లో క్రీమ్ నింపే ఐడియా వచ్చిందట, మేకప్ చెడకుండా మళ్ళీ మళ్ళీ సన్‌స్క్రీన్ వేసుకోవడానికి మొదలైన వస్తువు ఇది. అందుకే దీన్ని రుద్దకూడదు, స్టాంప్ కొట్టినట్టు అద్దాలి. పఫ్‌ని స్పాంజ్ మీద ఒక్కసారి మెల్లగా నొక్కి, అంటుకున్నదాంట్లో సగం మూత లోపల తుడిచేసి, అప్పుడు బుగ్గ మధ్య నుంచి బయటికి టప టప అద్దుకుంటూ పోండి. ఒక బుగ్గకి ఆ ఒక్క ముంచు చాలు. ముక్కు పక్కన, కళ్ళ కింద పఫ్‌లో మిగిలింది మాత్రమే, కొత్తగా ముంచొద్దు. మచ్చలుంటే ముఖమంతా ఇంకో పొర వేయకుండా ఆ మచ్చ మీద మాత్రం చిన్న బ్రష్‌తో కన్సీలర్ పెట్టి అంచులు వేలితో కలిపేయండి.

షేడ్ సంగతి. కుషన్ డబ్బా మీద నంబర్ 21 అంటే లైట్, 23 అంటే కొరియాలో మీడియం కింద లెక్క, మనలో చాలామందికి ఆ 23 కూడా తెల్లగానే కొడుతుంది. చాలా బ్రాండ్లలో ఎన్నో ఏళ్ళు ఈ రెండు మూడు షేడ్లే ఉండేవి, 2024లో టిర్‌టిర్ అనే కొరియన్ బ్రాండ్ తన రెడ్ కుషన్‌ని 30 షేడ్లకి తెచ్చాక కాస్త ఊపిరి పీల్చుకున్నాం. చేతి మీద కాకుండా దవడ దగ్గర పెట్టి, మెడతో పోల్చి, పగటి వెలుగులో చూడండి, కొన్ని కుషన్లు ఆరాక కొంచెం డార్క్ అవుతాయి కాబట్టి పావుగంట ఆగాకే డిసైడ్ అవ్వండి. మీ షేడ్ దొరక్కపోతే మీ దగ్గరున్న ఫౌండేషన్‌లోనే ఒక చుక్క మాయిశ్చరైజర్ కలిపి తడి స్పాంజ్‌తో అద్దుకోండి, తప్పు షేడ్ కుషన్ కంటే అది వంద రెట్లు నయం.

కనుబొమ్మలు స్ట్రెయిట్‌గా ఉండాలి, విల్లులా వంపు వద్దు. పార్లర్‌లో త్రెడింగ్‌కి వెళ్తే "అక్కా, షేప్ మార్చొద్దు, కింద ఎక్స్‌ట్రా ఉన్నవి మాత్రం తీసేయండి" అని ముందే చెప్పండి, పల్చగా చేసేశారంటే నెలల పాటు ఏమీ చేయలేం. వంపు కింద ఖాళీని డార్క్ బ్రౌన్ పెన్సిల్‌తో నింపితే దానంతటదే స్ట్రెయిట్‌గా కనబడుతుంది.

ఇప్పుడు కళ్ళు, నాకు అన్నిటికంటే ఇష్టమైన పార్ట్ ఇదే. కింది రెప్పకి కాటుక పెట్టకుండా ఉండటం మనకి కష్టమే, కానీ ఈ లుక్‌కి అది మాత్రం వదిలేయాలి, నల్లగా గీస్తే కన్ను చిన్నదైపోతుంది. పై రెప్ప మీద ఒకే ఒక మ్యాట్ లేత బ్రౌన్, వెంట్రుకల మధ్య సందుల్లో బ్రౌన్ లైనర్, చివర తోకని పైకి లేపకుండా కన్ను వాలిన వైపే 3, 4 మిల్లీమీటర్లు కిందికి లాగండి, చూపు అమాయకంగా వస్తుంది. తర్వాత అద్దం ముందు నవ్వండి, కింది వెంట్రుకల కిందే సన్నగా ఉబ్బుతుంది చూడండి, దాన్నే కొరియన్స్ ఎగ్యోసల్ అంటారు. ఆ ఉబ్బు మీద షాంపేన్ కలర్ షిమ్మర్ చిటికెన వేలితో, దాని కింద మధ్యలో మాత్రం లేత బ్రౌన్‌తో ఒక గీత, వెంటనే స్మడ్జ్. డార్క్ సర్కిల్స్ ఉన్నవాళ్ళు ఆ గీత గీయొద్దు, నిద్రలేనట్టు కనబడతారు, ముందు పీచ్ లేదా ఆరెంజ్ కరెక్టర్ (నలుపుని కప్పే రంగు క్రీమ్) కొంచెం అద్ది షిమ్మర్‌తో ఆపేయండి. కర్లర్‌తో వెంట్రుకలు వేరు దగ్గర ఒత్తి ఒక్క కోటు మస్కారా, అంతే.

బ్లష్ బుగ్గ ఎముక మీద కాదు, కళ్ళ కింద నుంచి ముక్కు వైపుకి రావాలి. క్రీమ్ లేదా లిక్విడ్ తీసుకోండి, పౌడర్ కంటే ముందే వేసేయాలి. పాల రంగు కలిసిన బేబీ పింకులు చామనఛాయ మీద బూడిద రంగులోకి తిరుగుతాయి, మనకి కోరల్, ఇటుక రంగు, డీప్ రోజ్ బాగా నప్పుతాయి. పౌడర్ ముక్కు పక్కల, నుదుటి మధ్య, గడ్డం మీద తప్ప ఇంకెక్కడా వేయకండి, బుగ్గల మెరుపు అలాగే ఉండాలి.

పెదాలకి ముందు పఫ్‌లో మిగిలిన కుషన్‌తో అంచులు కొంచెం మసకగా చేయండి, తర్వాత లిప్ టింట్ లోపలి మధ్యలో మాత్రమే పెట్టి వేలితో బయటికి తట్టుకుంటూ పోండి, టింట్ క్షణాల్లో పట్టేస్తుంది కాబట్టి పై పెదవి పూర్తయ్యాకే కింది పెదవికి వెళ్ళండి. పెదాలు నల్లగా ఉన్నవాళ్ళకి లైట్ పింక్ కనబడదు, బెర్రీ లేదా ఇటుక షేడ్ తీసుకోండి.

బయట జిడ్డు వస్తే దాని మీదే కుషన్ కొట్టకూడదు, ముందు టిష్యూతో ఒత్తి నూనె తీసేసి అప్పుడు పఫ్ తట్టండి. రాత్రి క్లెన్సింగ్ బామ్ పొడి చేతులతో పొడి ముఖం మీద రుద్ది, తర్వాత తడి చేసి పాలలా అయ్యాక కడిగి, ఆపైన ఫేస్‌వాష్. పఫ్‌ని వారానికోసారైనా సబ్బుతో ఉతికి పూర్తిగా ఆరాకే మళ్ళీ కుషన్ డబ్బాలో పెట్టండి, ఎందుకంటే మొటిమలు కుషన్ వల్ల అనుకుంటాం కానీ ఆ మురికి పఫ్ వల్ల కూడా రావచ్చు.