బాయికాడి ఇంట్లో పాములు, తేళ్లతో కాపురం

నల్లగొండ, పాలమూరు చెల్కల్లో (మెట్టపొలాల్లో) ఇల్లంటే చుట్టూ రాళ్లకుప్ప, గడ్డివాము, పత్తికట్టె, కోళ్లగూడు, బర్రెల కొట్టం. ఇవన్నీ ఉన్నచోట ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. దానికి మన మీద పగా లేదు, మన ఇంటి మీద మోజూ లేదు. తిండి, నీడ, దూరడానికి సందు, ఈ మూడూ దొరికితే ఉంటుంది, లేకుంటే దాని దారిన అది పోతుంది. అందుకే మనం సర్దుకోవాల్సింది ఆ మూడింటిని.

వాసనతో పామును తరమొచ్చన్న మాట నమ్మొద్దు. వెల్లుల్లి, ఫినాయిల్, గంధకం, నాఫ్తలీన్ ఉండలు, ఇంటిముందు నాటిన ఈశ్వరి తీగ, ఏవీ పామును ఆపవు. కార్బాలిక్ యాసిడ్ అయితే పామును ఆపకపోగా ఆడుకునే పిల్లల కాళ్లు కాలుస్తుంది. ఆ డబ్బులతో తలుపు కింద రబ్బరు పట్టీ వేయించుకోవచ్చు.

ఏది ఏదో తెలియాలి

మన దగ్గర ఎక్కువగా ప్రాణం మీదికి తెచ్చేవి నాలుగు పాములు. నాగుపాము అందరికీ తెలిసిందే. కట్లపాము నిగనిగలాడే నలుపు, దాని మీద సన్నటి తెల్ల కట్లు రెండేసి జంటగా ఉంటాయి. ఆ కట్లు మెడ దగ్గర మొదలుకావు, తలకు కొంత ఎడంగా మొదలై తోక చివరిదాకా స్పష్టంగా ఉంటాయి. దాన్ని పోలిన విషం లేని చిన్నపాము ఒకటుంది. దాని పట్టీలు మెడ దగ్గరే మొదలై తోకవైపు పోయేకొద్దీ మాసిపోతాయి. ఈ తేడా ఫొటోలో చూసుకోవడానికి పనికొస్తుంది గానీ, అర్ధరాత్రి వంగి కట్లు లెక్కపెట్టడానికి కాదు.

రక్తపింజర మట్టిరంగులో మందంగా ఉంటుంది. వీపు మీద గొలుసు పరిచినట్టు మూడు వరసల ముదురు మచ్చలుంటాయి. కదిలిస్తే కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది. కొండచిలువ పిల్ల అనుకుని దీన్ని చేత్తో ఎత్తినవాళ్లున్నారు. నాలుగోది చిన్న పింజర. చాలాసార్లు మూరెడు కూడా ఉండదు, చెల్కల్లో రాళ్ల కింద ఉంటుంది. ఒంటిని మడతలు పెట్టి పొలుసులు ఒకదానికొకటి రాసుకుంటూ రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. పొట్టిది కదా అని చులకన చేస్తే రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది.

జెర్రిపోతు పెద్దగా, వేగంగా ఉంటుంది, చూస్తే గుండె ఝల్లుమంటుంది, కానీ విషం లేదు. ఎలుకలు దాని తిండి. జెర్రిపోతును చంపిన పొలానికి ఎలుకల లెక్క చూసేవాడు కరువవుతాడు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పాములను చంపడం నేరం కూడా.

ఎలుక పని పట్టడం

గింజలు ఇనుప డ్రమ్ముల్లోనో, మూత బిగుతుగా పట్టే గుమ్ముల్లోనో పోయాలి. బస్తాల్లోనే పెట్టాల్సి వస్తే చెక్కల మీద పెట్టి, గోడకూ బస్తాలకూ మధ్య అడుగున్నర వదలాలి. అంత జాగా ఉంటే పిల్లి తిరుగుతుంది, టార్చి వేస్తే వెనక ఏముందో మనకూ కనిపిస్తుంది. గోడకు ఆనించి పేర్చిన బస్తాల వెనక ఎలుక ఈనుతుంది, వాసన పట్టుకుని కట్లపాము వస్తుంది.

ఇంట్లో బోను చాలు. పొలం గట్లకు బ్రోమాడయోలోన్ అనే ఎలుకలమందు కలిపిన ఎర పనిచేస్తుంది. నూకలు 96 పాళ్లు, వంటనూనె 2 పాళ్లు, మందు 2 పాళ్లు, అంటే అరకిలోకు నూకలు 480 గ్రాములు, నూనె 10, మందు 10. ముందురోజు సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూసేయాలి. తెల్లారి ఏవి తెరుచుకున్నాయో వాటిలోనే ఎలుకలున్నట్టు. 15 గ్రాముల చొప్పున కాగితంలో పొట్లం కట్టి వాటిలోపలికి తోసి మూయాలి. చేతికి కవరు తొడుక్కోవాలి, బొరియలో చెయ్యి పెట్టకుండా కట్టెతో తోయాలి. అన్ని బొరియల్లో వేసుకుంటూ పోతే మందు వృథా. పైన చల్లితే కోళ్లు, కుక్కలు చస్తాయి.

వాకిలి నుంచి మంచం దాకా

ఇంటి చుట్టూ పది అడుగుల మేర నేల నున్నగా, గడ్డి లేకుండా ఉంచండి. ఖాళీ నేల దాటేటప్పుడు పాము కంటపడుతుంది, అలాంటిచోట ఆగదు కూడా. పత్తికట్టె, కందికట్టె, పిడకలు, ఇటుకలు, మిగిలిన బండలు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో పేర్చండి. కట్టెల కింద అడుగున్నర ఎత్తున రాతికడీలో, రాళ్లో పెట్టి గాలి ఆడనిస్తే కింద తడి ఉండదు. తడి లేకుంటే తేళ్లూ తగ్గుతాయి. కట్టె తీసేటప్పుడు కుప్పలో చెయ్యి దూర్చకుండా, కర్రతో పక్కకు లాగి పైనుంచి తీసుకోవాలి.

కోళ్లగూడు పడకగది గోడకు ఆనుకుని ఉందంటే నాగుపామును పిలిచి కూర్చోబెట్టినట్టే. గూడు దూరంగా జరిపి, కింది రెండడుగులకు పావు అంగుళం గళ్ల ఇనుప జాలీ కొట్టాలి. మామూలు కోళ్ల జాలీ అంగుళం గళ్లది పనికిరాదు. సన్నపాము అందులోంచి దూరి గుడ్డో, పిల్లనో మింగుతుంది, పొట్ట ఉబ్బి బయటికి రాలేక అక్కడే ఇరుక్కుంటుంది. తెల్లారి గుడ్ల కోసం చెయ్యి పెట్టేది మనమే.

గడప ముందు బల్బు పురుగులను పిలుస్తుంది, పురుగులు కప్పలను, కప్పలు పామును. తలుపు మీద కాకుండా పది అడుగుల అవతల గుంజకు పసుపు రంగు ఎల్‌ఈడీ పెట్టుకుంటే వెలుతురూ ఉంటుంది, పురుగులూ గుమ్మానికి రావు.

సందుల సంగతి. రాత్రి గదిలో లైటు వేసి తలుపు మూసి, బయట నిలబడి చూడండి. వెలుగు బయటికి వచ్చినచోటల్లా పాముపిల్ల లోపలికి వస్తుంది. వేలు దూరే సందు చాలు దానికి. తలుపు కింద రబ్బరు పట్టీ నేలకు తాకేట్టు వేయాలి. స్నానాల గది తూముకు, వంటింటి నీళ్లు పోయే గొట్టానికి జాలీ బిగించాలి. రాతిగోడ సందులు ఒకపాలు సిమెంటుకు నాలుగుపాళ్ల ఇసుక కలిపి పూడ్చాలి. మట్టితో మెత్తితే రెండు వానలకు రాలిపోతుంది. గూనపెంకుల ఇంట్లో గోడ మీదికీ కప్పుకూ మధ్య ఖాళీని మరిచిపోవద్దు, ఎలుకలు తిరిగేది ఆ దారినే.

అన్నిటికన్నా ముఖ్యం పడక. కట్లపాము రాత్రి తిరిగే పాము. నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది, మనిషి కదిలితే కరుస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. మంచం మీద పడుకోండి, దుప్పటి నేలకు వేలాడనీయొద్దు, మంచం గోడకు జానెడు ఎడంగా ఉండాలి. దోమతెర కట్టి నాలుగు అంచులూ పరుపు కిందికి దోపండి. తెర ఊరికే వేలాడుతుంటే దోమలకే తప్ప పాముకు అడ్డం కాదు. ఎండాకాలం ఉక్కకు వాకిట్లో నేల మీదే పడుకోవాల్సి వస్తే తెర అంచులు చాప కిందికి చుట్టూ మడిచి పెట్టండి. టార్చి తలగడ పక్కన, తెర లోపలే ఉండాలి.

బాయికాడ

మోటారు స్టార్టర్ డబ్బా ఛాతీ ఎత్తున కడీకి బిగించాలి, వైర్లు పోయే రంధ్రాలు ఎంసీల్‌తో మూయాలి. లేకుంటే బల్లులు చేరతాయి, వాటికోసం పాము చేరుతుంది, కందిరీగలు కూడా గూడు పెడతాయి. తీసేముందు కట్టెతో రెండుసార్లు తట్టి, పక్కకు నిలబడి, కట్టెతోనే మూత తెరవాలి. గేటువాల్వు గుంతలో చెయ్యి పెట్టేముందు టార్చి వేసి చూడాలి.

వరికోత రోజు ఒక సంగతి గుర్తుంచుకోండి. మిషన్ చుట్టూ కోసుకుంటూ లోపలికి వచ్చేకొద్దీ ఎలుకలు, కప్పలు, వాటి వెనక పాములు మిగిలిన మడిముక్కలోకి జరుగుతాయి. ఆఖరి ముక్క దగ్గరికి వచ్చాక ఒకవైపు గట్టు వదిలేసి అరగంట ఆగితే చాలావరకు వెళ్లిపోతాయి. ఆ ముక్కనే కొడవలితో కోస్తామని మూలలకు దిగేవాళ్లకే ప్రమాదం ఎక్కువ. పొద్దున గడ్డికట్టలు ఎత్తేటప్పుడు కర్రతో దొర్లించి, కింద చూసి ఎత్తాలి. పొలంలో మోకాలి దాకా గమ్‌బూట్లు ఉంటే కాలి మీద పడే కాట్లు చాలావరకు బూటు మీదే పోతాయి. వేసుకునేముందు తలకిందులు చేసి దులపడం మరిచిపోవద్దు.

పాము లోపలికి వస్తే

కనీసం ఆరడుగుల దూరం జరగండి. పిల్లలను, కుక్కను బయటికి పంపండి. బయటి తలుపు తెరిచి, మిగతా గదుల తలుపుల కింద గుడ్డలు కుక్కండి. ఒకరు కన్ను తిప్పకుండా దాన్నే చూస్తుండాలి. కనిపించే పాముకన్నా కనిపించకుండా పోయిన పాముతోనే చిక్కు. కిరోసిన్, ఫినాయిల్ పోస్తే అది అడ్డదిడ్డంగా పరుగెత్తుతుంది. అటవీశాఖ బీటు ఆఫీసరుకో, శిక్షణ ఉన్న పాములు పట్టేవారికో ఫోన్ చేయండి. ఆ నంబరు వానాకాలానికి ముందే గోడ మీద రాసిపెట్టుకోవాలి.

తేలు, జెర్రి, కందిరీగ

నల్లటి పెద్ద మండ్రగబ్బ చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, కుడితే మంట ఎక్కువే గానీ అసలు ప్రమాదం చిన్న ఎర్రతేలుతో. డెక్కలు సన్నగా, తోక లావుగా ఉంటుంది. దాని విషం గుండెను దెబ్బతీస్తుంది, పిల్లలకు మరీ. చెమటలు పట్టడం, వాంతులు, కాళ్లూ చేతులూ చల్లబడటం కనిపిస్తే ఒక్క నిమిషం ఆగొద్దు. దీనికి ప్రాజోసిన్ అనే మాత్ర వాడతారు, అది డాక్టరు చూసి బీపీ గమనిస్తూ ఇవ్వాల్సిన మందు. పిల్లవాడికి తేలు కుడితే లక్షణాలకోసం ఎదురుచూడకుండానే ఆసుపత్రికి పోవాలి. పెద్దవాళ్లకు నొప్పి ఒక్కటే ఉంటే గుడ్డలో చుట్టిన ఐసు, పారాసిటమాల్ సరిపోతాయి.

తేళ్లను వెతకడానికి దొంగనోట్లు చూసే అతినీలలోహిత టార్చి కొనండి. చీకట్లో గోడ మీద వేస్తే తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. తొలకరి తర్వాత వారం రోజులు పడుకునేముందు ఒకసారి గోడలు, మంచం కింద, బట్టల తీగ చూసుకుంటే చాలు. నున్నటి టైలు మీద తేలు ఎక్కలేదు, అందుకే మంచం కోళ్లను గాజు గ్లాసుల్లాంటి నున్నటి గిన్నెల్లో పెట్టినా పనికొస్తుంది.

జెర్రి కరిస్తే మంట విపరీతం. తట్టుకోగలిగినంత వేడినీళ్లలో ఉంచితే తగ్గుతుంది. కందిరీగల గూడు మనుషులు తిరిగేచోట లేకుంటే వదిలేయండి. ఎవరికైనా కుట్టాక ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం మొదలైతే ఒక్క కాటైనా అత్యవసరమే.

పాము కరిస్తే

టైం చూసి గుర్తుపెట్టుకోండి. మనిషిని కూర్చోబెట్టి లేదా పడుకోబెట్టి ధైర్యం చెప్పండి. ఉంగరాలు, గాజులు, కడియాలు, మెట్టెలు వెంటనే తీసేయండి, వాపు వచ్చాక రావు. కరిచిన కాలో చెయ్యో ఎముక విరిగినప్పుడు కట్టినట్టు బద్దతో వదులుగా కట్టి కదలనీయకుండా ఉంచండి. నడిపించొద్దు. 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు ఆలస్యమయ్యేట్టుంటే బండి మీద ముందొకరు, వెనకొకరు, మధ్యలో కాటు పడిన మనిషి.

తాడు కట్టొద్దు. పింజర కాటుకు బిగించి కడితే విషం ఒక్కచోటే నిలిచి కండ కుళ్లుతుంది, విప్పగానే ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. ఇప్పటికే ఎవరో కట్టేసి ఉంటే దారిలో విప్పకండి, ఆసుపత్రిలో డాక్టరు ముందే విప్పాలి. కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, నాటుమందు పూయడం, సారా తాగించడం వద్దు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర టీటీ సూది కూడా వేయించొద్దు, రక్తం గడ్డకట్టని మనిషికి కండలో సూది గుచ్చితే లోపల నెత్తురు చేరుతుంది. డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ మింగించొద్దు.

మంత్రగాడి దగ్గర బతికినవాళ్లు ఉన్నారు కదా అంటారు. విషం లేని పాములు కరిచినవాళ్లు, విషపాము కరిచినా విషం ఎక్కనివాళ్లు ఎలాగూ బతుకుతారు. ఆ లెక్క మంత్రానిది కాదు.

పామును చంపి తేవాల్సిన పని లేదు, చచ్చిన పాము తల కూడా కరుస్తుంది. దూరం నుంచి ఫొటో దొరికితే సరే. ప్రభుత్వాసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు ఈ నాలుగు పాములకూ ఒక్కటే. 10 మిల్లీలీటర్ల సీసాలు, మొదటి విడత సాధారణంగా 8 నుంచి 10 ఇస్తారు. చిన్నపిల్లలకూ అంతే, పాము వదిలిన విషం మనిషి బరువును బట్టి తగ్గదు కాబట్టి. విషం లక్షణాలు లేకుంటే విరుగుడు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా, అది ఒంటికి పడక ప్రమాదం కావచ్చు. అందుకని సూది వెంటనే వేయలేదని డాక్టరుతో గొడవపడొద్దు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి కదపకుండా 20 నిమిషాలు ఉంచి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా పారితే పింజర విషం ఎక్కినట్టు. గొట్టం ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగినదైనా ఫలితం తప్పుతుంది.

తెల్లవారుజామున ఏ కారణమూ లేకుండా కడుపునొప్పి, మాట ముద్దగా రావడం, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తే, గాటు లేకున్నా కట్లపాము అనే అనుకోవాలి. గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెడితే కాసేపటికి ఊపిరి ఆగుతుంది. ఇలాంటప్పుడు వెంటిలేటరు (ఊపిరి అందించే యంత్రం) ఉన్న ఆసుపత్రి కావాలి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. మీ ఊరికి దగ్గరిది ఏది, దారిలో ఏ ఆసుపత్రిలో విరుగుడు నిల్వ ఉంటుంది అనేవి జూన్‌లోనే అడిగి తెలుసుకోండి.

బాగున్నట్టే కనిపించినా 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలి. రక్తపింజర కాటైతే ఇంటికొచ్చాక కూడా మూత్రం తగ్గుతోందా, రంగు మారుతోందా అని కొన్నిరోజులు చూసుకోవాలి, కిడ్నీలు దెబ్బతినేది అప్పుడే. విరుగుడు ఎక్కించుకున్నవాళ్లకు వారం రెండువారాల్లో జ్వరం, కీళ్లనొప్పులు, దద్దుర్లు వస్తే అది మామూలు జ్వరం కాకపోవచ్చు, డిశ్చార్జి చీటీ పట్టుకుని అదే ఆసుపత్రికి పోవాలి.