ఎన్‌సీసీలో మొదటి ఫైరింగ్‌కి ఎలా సిద్ధం కావాలి?

ఎన్‌సీసీలో చేరిన పిల్లలు డ్రిల్ చేస్తారు, పరేడ్ చేస్తారు, కానీ మనసంతా ఫైరింగ్ మీదే ఉంటుంది. హనుమకొండ, కాజీపేట, జనగామ కాలేజీల నుంచి క్యాంపుకి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటిదాకా రైఫిల్‌ని ముట్టుకుని కూడా ఉండరు. అందుకే కొందరికి హుషారు ఎక్కువ, కొందరికి టెన్షన్ ఎక్కువ. నేను చెప్పేది ఒక్కటే. రేంజ్‌లో కాల్చేది కొద్ది నిమిషాలే, అది బాగా జరగాలంటే అంతకుముందు ఖాళీ రైఫిల్‌తో చేసే ప్రాక్టీసే ముఖ్యం. ఆ క్లాసుల్ని బోర్ అని ఎగ్గొట్టకండి.

మొదట చేతికిచ్చేది మామూలుగా .22 రైఫిల్, బోల్ట్ యాక్షన్. ఒక్కో రౌండ్ (తూటా) కాల్చాక బోల్ట్ వెనక్కి లాగి మళ్లీ ముందుకు తోయాలి. టార్గెట్ 25 మీటర్ల దూరంలో ఉంటుంది. బుల్లెట్ చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, అడ్డు లేకపోతే కిలోమీటరు దాటి పోతుంది. టార్గెట్ల వెనక ఎత్తుగా మట్టికట్ట ఉండేది అందుకే.

ముందుగా చేయాల్సింది: ఇంట్లో చెప్పండి, మీ ఏఎన్‌ఓ సర్ (కాలేజీలో ఎన్‌సీసీ చూసుకునే లెక్చరర్) అడిగిన కాగితాలు టైముకి ఇవ్వండి. చెవి నొప్పి, ఫిట్స్, ఈమధ్య జరిగిన ఆపరేషన్ లాంటివి ఏమున్నా దాచకండి. ఫైరింగ్ పోతుందేమోనన్న భయంతో కొందరు దాస్తారు, అది చాలా తప్పు. ఈసారి కాకపోతే ఇంకోసారి కాల్చొచ్చు.

తర్వాత సేఫ్టీ. ఇది నిద్రలో లేపి అడిగినా చెప్పేంతగా రావాలి. ఏ రైఫిల్ అయినా లోడ్ అయ్యే ఉందనుకోండి, ఇప్పుడే ఖాళీ చేశామని పక్కవాడు చెప్పినా సరే. బ్యారెల్ ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) బయట చాపి ఉంచాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఎక్కడంటే, ఎవరైనా పేరు పెట్టి పిలవగానే రైఫిల్‌తో సహా పక్కకి తిరుగుతారు. అలా తిరగకండి. పిలుపు వినపడితే పడుకున్నచోటే ఉండి తల మాత్రం తిప్పండి.

ఇంట్లో చేసుకోగలిగిన పని ఒకటుంది, మీరు గురి చూసే కన్ను ఏదో తెలుసుకోవడం. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతుల మధ్య చిన్న సందు వదలండి. ఆ సందులోంచి రెండు కళ్లతో ఎదుటి గోడ మీది గడియారాన్ని చూడండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. గడియారం అలాగే కనిపిస్తే గురి చూసే కన్ను కుడిది, మాయమైతే ఎడమది. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను వచ్చినవాళ్లు ఈ సంగతి ఉస్తాద్‌కి, అంటే ఫైరింగ్ నేర్పే ఆయనకి, ముందే చెప్పండి, రేంజ్‌లో పడుకున్నాక చెబితే ఆయనకీ కష్టం, మీకూ కష్టం.

పొజిషన్ కూడా ఇంట్లో చాప మీద ప్రాక్టీస్ చేయొచ్చు. బోర్లా పడుకుని, ఒళ్లు కొంచెం ఏటవాలుగా పెట్టి, కాళ్లు ఎడంగా చాపి, మోచేతుల మీద ఆనండి. మొదట్లో మెడ, మోచేతులు లాగేస్తాయి. రోజూ కాసేపు చేస్తే అలవాటవుతుంది. ఊపిరి సంగతికొస్తే, పీల్చి, సగం వదిలి, అక్కడ ఆపి, ఆ కొద్ది సెకన్లలోనే కాల్చాలి. గురి కుదరలేదా, ఊపిరి పూర్తిగా వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి, బిగబట్టుకుని ఉంటే ఫోర్ సైట్ (బ్యారెల్ కొసన ఉండే గురి మొన) వణుకుతుంది. పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద పరిగెత్తే అలవాటు ఉన్నవాళ్లకి ఇది తొందరగా పట్టుబడుతుంది.

గురి అంటే కంటికి దగ్గరగా ఉండే బ్యాక్ సైట్, ఫోర్ సైట్ మొన, టార్గెట్ మూడూ ఒకే వరుసలోకి రావడం. కంటికి స్పష్టంగా కనిపించాల్సింది ఫోర్ సైట్ మొన, టార్గెట్ కాస్త మసకగా ఉన్నా పరవాలేదు. ట్రిగ్గర్‌ని వేలి కొసతో మెల్లగా, ఒకే ఒత్తిడితో నొక్కుతూ పోవాలి, గుంజకూడదు. ఉస్తాద్ ఒప్పుకుంటే ఆయన ఎదురుగానే ఖాళీ రైఫిల్ బ్యారెల్ కొస మీద రూపాయి బిళ్ల పెట్టించుకుని ట్రిగ్గర్ నొక్కి చూడండి. బిళ్ల కిందపడితే గుంజుతున్నారన్నమాట. పడకుండా నిలిచేదాకా చేయండి. ఇంతకు మించిన ప్రాక్టీస్ నాకు తెలిసి లేదు.

కమాండ్లు హిందీలో వస్తాయి. మన దగ్గర తెలుగు మీడియంలో చదివిన పిల్లలకి అదే ఎక్కువ భయం. ముందే నేర్చుకోండి: ‘భర్’ అంటే లోడ్ చేయాలి, ‘ఖాలీ కర్’ అంటే ఖాళీ చేయాలి, ‘జాంచ్ శస్త్ర్’ అంటే రైఫిల్ ఖాళీగా ఉందని తనిఖీకి చూపించాలి. అర్థం కాకపోతే పక్కవాణ్ని చూసి చేయొద్దు, కదలకుండా ఉండి చెయ్యెత్తండి.

ఆ రోజు ఫుల్ హ్యాండ్స్ షర్ట్ ఉండాలి, లేకపోతే మోచేతులు గీసుకుపోతాయి. కాలర్ గుండీ పెట్టుకోండి, వేడి ఖోఖా (కాల్చాక బయటికి వచ్చే ఖాళీ తూటా గొట్టం) లోపల పడితే ఎంతటివాళ్లయినా ఎగిరి గంతేస్తారు, చేతిలో రైఫిల్ ఉన్నప్పుడు అది ప్రమాదం. జుట్టు గట్టిగా ముడేసుకోండి. కళ్లద్దాలు ఉంటే తప్పక పెట్టుకోండి. ఇయర్ ప్లగ్స్ ఇవ్వకపోతే అడగండి, ఫోన్ ఇయర్ బడ్స్ వాటి పని చేయవు. టిఫిన్ తినే వెళ్లండి, టీలు మాత్రం తగ్గించండి. మన వరంగల్ ఎండ తెలుసు కదా, నీళ్ల బాటిల్ మర్చిపోవద్దు. ఫోన్ లోపల పెట్టేయండి, రైఫిల్‌తో రీల్స్ ఆలోచనే వద్దు.

రేంజ్‌లో ఎర్రజెండా ఎగురుతున్నంతసేపూ ఫైరింగ్ లైన్ దాటకూడదు. ట్రిగ్గర్ నొక్కినా రౌండ్ పేలకపోతే బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి, బోల్ట్ ముట్టకుండా చెయ్యెత్తండి. అది ఆలస్యంగా పేలవచ్చు. ఉస్తాద్ వచ్చి చూసుకుంటారు. ఖోఖాలు లెక్కపెట్టి తీసుకుంటారు, గుర్తుగా ఒకటి జేబులో వేసుకున్నా పెద్ద గొడవ అవుతుంది.

క్యాడెట్ కానివాళ్లకి ఒక మాట. తుపాకీ లైసెన్స్ కావాలంటే 21 ఏళ్లు నిండాలి, 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. లైసెన్స్ లేని తుపాకీతో చేలల్లో నేర్చుకుందామనుకుంటే అది నేరం, ప్రాణాలకే ముప్పు. ఆట మీద ఇష్టమైతే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టండి.

కాల్చడం అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏమీ తినకండి, .22 బుల్లెట్‌లో ఉండేది సీసం. తర్వాత టార్గెట్ పేపర్ చూసుకోండి. రంధ్రాలన్నీ ఒకచోటే ఉండి నడిమికి దూరంగా ఉంటే మీ పట్టు బాగుంది, గురి సరిచేసుకుంటే సరిపోతుంది. చెల్లాచెదురుగా ఉంటే ట్రిగ్గర్, ఊపిరి మీద మళ్లీ పని చేయాలి. రంధ్రాలు దగ్గర దగ్గరగా పడినవాళ్లు ఊరుకోకండి, ఢిల్లీలో ఎన్‌సీసీ క్యాడెట్లకి జరిగే థల్ సైనిక్ క్యాంప్‌లో ఫైరింగ్ పోటీ ఉంటుంది, సెలెక్షన్లు ఎప్పుడో ఆ రోజే మీ ఏఎన్‌ఓ సర్‌ని అడగండి.